బెల్లం గోడ

మా వార్డెన్ మేడం పోయారన్న కబురు వచ్చినప్పుడు నేను దుకాణంలో ఒక పెళ్ళికూతురి జాకెట్టుకు కొలతలు తీసుకుంటున్నాను. ఫోన్లో మేడం తమ్ముడి కూతురు ఏడుస్తూ చెప్పింది. మధ్యాహ్నం అన్నం తిని కుర్చీలో ఒరిగారట, టీ ఇద్దామని లేపితే లేవలేదట. కొలతల టేపు మెడలో అట్లాగే ఉండగా నిజామాబాద్ బస్టాండుకు నడిచి బోధన్ బస్సెక్కాను. పక్కన కూర్చున్న ఆవిడ చెప్పేదాకా అది మెడలో ఉన్న సంగతే నాకు తెలియలేదు.

చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. మా మేడం విషయంలో ఆ పని నేను చేయదలచుకోలేదు. ఆమె కళ్ళు చిన్నవే, నోరు పెద్దది. మమ్మల్ని మామూలుగా తిట్టాలంటే తెలుగులో తిట్టేవారు. కోపం ముదిరితే ఉర్దూలోకి దిగేవారు, అప్పుడు హాస్టల్లో చీమ చిటుక్కుమనేది కాదు. మరాఠీ మాత్రం సంతలో కూరగాయల వాళ్ళ కోసం దాచుకున్నారు. వంకాయలు పుచ్చులుంటే ఆ భాషలో ఆమె ఏమనేవారో మాకు తెలియదు గానీ, అవతలి వాళ్ళు నవ్వుకుంటూ గంప మార్చి ఇచ్చేవారు.

కోటగిరి పక్క పల్లె నుంచి ఆరో తరగతిలో నేను బోధన్ ఆడపిల్లల హాస్టల్‌కి వచ్చాను. అంతకు ముందున్న వార్డెన్ల కాలంలో రాత్రి మా గదులకు బయటి నుంచి తాళం వేసేవారట. ఈమె వచ్చీ రాగానే తాళాలన్నీ పీకించి, తలుపులకు లోపలి వైపు గడియలు పెట్టించారు. పైనుంచి వచ్చిన ఒక అధికారి, ఆడపిల్లలు కదా మేడం, రక్షణ ఎట్లా అని అడిగితే ఆమె ఇచ్చిన జవాబు నా చెవిలో ఇప్పటికీ ఉంది.

"గడియ లోపట్నుంచి పడాలె సార్. బయట్నుంచి పడితె అది అర్ర గాదు, బందెలదొడ్డి."

ఆ హాస్టల్లో చదువుకున్న మేము టీచర్లమయ్యాం, నర్సులమయ్యాం, నేను పెద్ద బజార్‌లో బట్టలు కుట్టే దుకాణం పెట్టాను. ఎక్కడున్నా ఏడాదికొకసారైనా ఆమె దగ్గరికి పోయి తిట్లు తిని వచ్చేవాళ్ళం. తిట్టకపోతే ఒంట్లో బాగాలేదేమోనని భయపడేవాళ్ళం. అయితే నేను రాయాలనుకున్నది హాస్టల్ గురించి కాదు, ఆమె ఉద్యోగం అయిపోయిన తర్వాత చేసిన పని గురించి.

ధర్పల్లి దాటి అడవి వైపు పోతే ఒక గుట్ట మీద పాత రాతి క్యాంపు ఉంది. ఒకప్పుడు ఊళ్ళ నుంచి యువకులు అక్కడికొచ్చి నాలుగైదు రోజులు ఉండేవారు. పొద్దున డ్రిల్లు, పగలు అడవిలో నడక, సాయంత్రం మంట చుట్టూ పాటలు. తర్వాత పట్టించుకునే వాళ్ళు లేక పెంకులు కూలి, గదుల్లో చెట్లు మొలిచి, మేకలు పడుకునే చోటయింది. దాన్ని మళ్ళీ నిలబెడదామని మా జిల్లాలో కొందరు పూనుకున్నారు. టీచర్లు, కిరాణా వాళ్ళు, వేల్పూర్ పసుపు రైతులు, బోధన్ చెరుకు రైతులు, ఎవరికి వీలైన ఆదివారం వాళ్ళు వచ్చి పనిచేసేవారు. ఒక ఆదివారం మా మేడం నా దుకాణం ముందు ఆటో ఆపి, పార పట్టుకొని ఎక్కమన్నారు. ఆమె అడిగితే కాదనే అలవాటు నాకు ఎప్పుడూ లేదు.

మేం పోయేసరికి వరండాలో మగవాళ్ళంతా గేటు కమాను ఎంత ఎత్తుండాలో, జెండా కట్ట ఎక్కడ కట్టాలో మాట్లాడుకుంటున్నారు. వాళ్ళ సంఘం కార్యదర్శి ఒక రిటైర్డ్ ఇంజనీరు గారు, నెమ్మదస్తుడు. మేడం ఆయనను అడిగింది ఒకటే, ఆడపిల్లలు ఎక్కడ పడుకుంటారని. ఈ క్యాంపుకు ఎప్పుడూ మగపిల్లలే వచ్చారని, ఆడపిల్లలు కావాలంటే పొద్దున వచ్చి సాయంత్రానికి దిగిపోవచ్చని ఆయన మర్యాదగానే చెప్పారు.

"పొద్దుగూకంగనె దిగిపోయేటట్టయితె గుట్ట ఎక్కుడెందుకు సార్? తెల్లారంగ ఈడికెళ్ళి సూస్తెనే గద, మన ఊరవతల ఇంకెన్ని ఊర్లున్నయో తెలిసేది."

మగవాళ్ళు ఒకచోట చేరి తర్జనభర్జన పడ్డారు. చివరికి తూర్పు వైపున్న పాత సామాను గదిని ఆడపిల్లల కోసం బాగుచేసుకొమ్మన్నారు. అది ఇవ్వడం అనుకున్నారో, వదిలించుకోవడం అనుకున్నారో తెలియదు. కమాను పని ఆగి, ముందు ఆ గదికి నీటి పైపు, లోపలి నుంచే వెళ్ళేలా స్నానాల గదులు వచ్చాయి. ఆమె ప్రతి గడియనూ తానే లోపలికి పోయి వేసి చూసేవారు. ఒకసారి ఒకటి బిగుసుకుపోయి లోపలే ఉండిపోయారు. మేం తలుపు ఊడదీసేదాకా ఊరుకోకుండా, లోపలి నుంచే ఇటుకలు ఎక్కడ దించాలో చెబుతూ కూర్చున్నారు.

గోడల దగ్గరే చిక్కు వచ్చింది. పాత రాతి గోడకు సిమెంటు నిలవదు, పైన పూసే గిలాబు సున్నంతోనే చేయాలని బోధన్ నుంచి వచ్చే మేస్త్రీ సాబ్ అన్నాడు. వెనకటి వాళ్ళు సున్నంలో కరక్కాయ నీళ్ళు, బెల్లం కలిపేవారని కూడా చెప్పాడు. బెల్లం ఎంత అంటే మాత్రం నెత్తి గోక్కున్నాడు. వాళ్ళ అబ్బా కలుపుతుంటే తాను పక్కన ఇసుక జల్లెడ పట్టేవాడట, కొలత యాద్ లేదట.

అప్పుడు మా మేడం రంగంలోకి దిగారు. బోధన్‌లో పుట్టినవాళ్ళు బెల్లం దగ్గర పీనాసితనం చేస్తే జనం నవ్విపోతారన్నారు. కోటగిరి దగ్గర బెల్లం వండే ఒక రైతు ఉన్నాడు, వాళ్ళ తాతలు కోస్తా నుంచి కాలవ కింద సేద్యానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. సంగతి చెప్పగానే ఆయన, "మంచి పనికి అడిగారు, దిమ్మలు లెక్కెట్టుకోకండమ్మా, పట్టుకెళ్ళండి" అన్నాడు. ఈమె లెక్కపెట్టుకోలేదు. మేస్త్రీ సాబ్ ఇంత బెల్లమెందుకని అంటూనే ఉన్నాడు. కొంచెం వేస్తే గట్టిపడేది ఎక్కువ వేస్తే ఇంకా గట్టిపడుతుంది గదా అని ఆమె వాదం. ఆ లెక్క అప్పుడు మా అందరికీ సబబుగానే తోచింది.

మరుసటి ఆదివారానికి గోడ ఆరలేదు. వేలు పెడితే హల్వాలా దిగింది. కింది నుంచి పైదాకా చీమలు బారులు తీరాయి. ఆరుతుందిలే అని మేడం ధైర్యం చెప్పారు. ఆ పై ఆదివారం వెళ్ళేసరికి క్యాంపు వాచ్‌మన్ కింది మలుపు దగ్గరే మాకు ఎదురొచ్చాడు. గుడ్డెలుగు వచ్చి గోడ నాకి పోయిందన్నాడు. వెళ్ళి చూస్తే నిజమే. మనిషి ఎత్తున గోళ్ళ గీతలు, కింద గిలాబు పెళ్ళలు. బెల్లం ఉన్నచోటికి చీమలు రావడం లోకంలో ఉన్నదే. ఎలుగుబంటిని రప్పించడం మా మేడం ఒక్కరికే చెల్లింది.

ఆ పూట నవ్వినవాళ్ళు నవ్వారు గానీ, వరండాలో కూర్చున్నాక నవ్వులు ఆగిపోయాయి. అడవి మృగం గోడ దాకా వచ్చాక ఆడపిల్లలను రాత్రిళ్ళు ఉంచే మాట ఇక మరిచిపోవడం మంచిదని కార్యదర్శి గారన్నారు. చాలామంది తలలూపారు. అదే గుట్ట మీద, అవతలి హాలులో మగపిల్లలు పడుకోవడం గురించి మాత్రం ఎవరికీ అనుమానం రాలేదు. నాకు ఒళ్ళు మండింది. మేడం లేచి నిలబడ్డారు. ఉర్దూ వస్తుందని నేను చెవులు మూసుకోబోయాను. ఆమె చాలా నెమ్మదిగా మాట్లాడారు.

"బెల్లం ఏసింది నేను. ఆడపిల్లలు గాదు. తప్పు నాదైతె శిచ్చ ఆళ్ళకెందుకు సార్?"

అయితే ముందు ఆ బెల్లమంతా గీకించండని కార్యదర్శి గారన్నారు. ఆ వారమంతా మేం గోడ గీకాం. గీకినదంతా బస్తాలకెత్తి దూరంగా గుంట తీసి పూడ్చాం, రాళ్ళు బయటపడేదాకా కడిగాం. అటవీ శాఖ ఉద్యోగి ఒకాయన వచ్చి చెప్పినట్టే చుట్టూ కంచె వేశాం, తిండి పారబోసే చోటు మార్చాం, పొద్దుపోయాక ఎవరూ బయట తిరగకూడదని రాసిపెట్టాం. మళ్ళీ సున్నం కలిపేటప్పుడు మేస్త్రీ సాబ్ బెల్లం ముక్క చిదిమి మేడం చేతిలో పెట్టి, ఇది మీరు తినండి, మిగిలింది నేను చూసుకుంటానన్నాడు. ఆమె నిజంగానే నోట్లో వేసుకొని పక్కకు పోయి కూర్చున్నారు. గోడ ఆరేదాకా ఆమె, నేను, మరో ఇద్దరు ఆడవాళ్ళం ఆ గదిలోనే పడుకున్నాం. ఎలుగు మళ్ళీ ఆ గుట్టకు రాలేదని చెప్పను, అది దాని ఊరు. గోడ జోలికి మాత్రం రాలేదు.

ఇక తల్లిదండ్రులను ఒప్పించాలి. వేల్పూర్ బడిలో వాళ్ళను కూర్చోబెట్టినప్పుడు ఎలుగు ఊసెత్తవద్దని కార్యదర్శి గారు దారి పొడుగునా బతిమాలారు. మేడం లేచి చెప్పిన మొదటి సంగతే అది. తాను బెల్లం ఎక్కువ వేయడం, ఎలుగు రావడం, తర్వాత ఏమేం చేశామన్నది, అన్నీ వంటల గురించి చెప్పినట్టు చెప్పారు. వెనక నుంచి ఒక పసుపు రైతు లేచి, మళ్ళీ రాదని రాసిస్తారా అని అడిగాడు.

"రాసియ్య. గుట్ట దానిది. అర్ర మనది. నీ బిడ్డ పక్క పొంటి నేను పండుకుంట."

అతను భార్య వైపు చూశాడు. "నువ్వుంటనంటున్నవు గద మేడం, ఇగ తోలిస్తం" అన్నాడు. ఆ ఒక్క మాట మీద మిగతా వాళ్ళూ ఒప్పుకున్నారు. అప్పటి నుంచి ఆడపిల్లల క్యాంపు ఎప్పుడు పెట్టినా మా మేడం సంచి సర్దుకొని వచ్చేవారు. మోకాళ్ళ నొప్పితో తిట్టుకుంటూ గుట్ట ఎక్కేవారు, ఆ గదిలోనే పడుకునేవారు. పిల్లలు ఆమె గురకకు నవ్వేవారు. ఎలుగులు ఈ చప్పుడుకే రావడం లేదని ఆమే వాళ్ళతో అనేవారు.

బోధన్‌లో ఆమెను సాగనంపి చెరువు గట్టు మీద కాళ్ళు కడుక్కుంటుంటే, కార్యదర్శి గారు నా పక్కకొచ్చారు. ఆ వారం చివర ఆడపిల్లల క్యాంపు ఉంది. మేడం ఉన్నారని పంపేవాళ్ళు, ఇప్పుడెవరు పంపుతారమ్మా, వాయిదా వేద్దామన్నారు. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆయన చెడుగా అనలేదు, నేనూ అప్పటిదాకా లోలోపల అదే అనుకుంటున్నాను. కానీ ఆ మాట పైకి వినేసరికి నాకు కోపం వచ్చింది. ఒకసారి వాయిదా పడితే మళ్ళీ ఎవరూ తలపెట్టరు, ఆ గది తిరిగి సామాను గది అవుతుంది. ఆమె అన్నేళ్ళు చేసింది తన ప్రాణంతోనే పోయేంత పనా? వాయిదా వద్దు సార్, ఫోన్లు నేను చేస్తానన్నాను.

మరునాడు దుకాణానికి తిరిగొచ్చి మొదటి ఫోను ఆ పసుపు రైతుకే చేశాను. ఇప్పుడు రావలసింది అతని చిన్న కూతురు. మేడం పోయిన సంగతి అతనికి తెలుసు. అతను అడిగింది ఒకటే.

"మరి ఆ అర్రల ఎవలు పండుకుంటరు?"

"నేను పండుకుంట అన్నా. మేడం హాస్టల్ల సదువుకున్నదాన్ని."

అతను ఫోను పక్కకు పెట్టి ఇంట్లో ఎవరితోనో మాట్లాడాడు. మళ్ళీ వచ్చి, "సిన్నది పొద్దటిసంది సంచి సదురుకొని కూసున్నది. వద్దంటె ఇంటదా అక్కా? తీస్కపో" అన్నాడు. నేను దుకాణం షట్టరు దించుకొని, అక్కడే కుట్టు మిషన్ల మధ్య కూర్చొని గట్టిగా ఏడ్చాను. బోధన్‌లో రాని ఏడుపంతా అప్పుడొచ్చింది. తర్వాత మొహం కడుక్కొని మిగతా ఫోన్లు చేశాను. ఇద్దరు రామన్నారు. మిగతా అందరూ వచ్చారు.

రెండో రోజు పొద్దున పిల్లలను తోటి ఆడవాళ్ళకు అప్పగించి, కూరగాయల కోసం కింది రోడ్డు మీద షేరింగ్ ఆటో ఎక్కాను. నా పక్కన పాలక్యానుతో ఒక పెద్దావిడ కూర్చుంది. గుట్ట మీది నుంచి వస్తున్నానని తెలిసి, ఆ మేడం చనిపోయిందట గదా బిడ్డా అని అడిగింది. అవునన్నాను.

"ఇగ ఆడపిల్లలను ఎవలు తోలిస్తరు గాడికి?"

నేను వెనక్కి తిరిగి గుట్ట వైపు చూపించాను. ఆటో నడిపే అతను తనంతట తానే వేగం తగ్గించాడు. గుట్ట అంచున, మా గది ముందున్న పొట్టి గోడ మీద పిల్లలు ఉతుక్కున్న బట్టలు ఆరేసి ఉన్నాయి. ఎర్ర పంజాబీ డ్రెస్సులు, పసుపు పచ్చ లంగాలు, స్కూలు నీలం చున్నీలు, గోడ ఈ చివరి నుంచి ఆ చివరి దాకా. ఆమె కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకొని, రాత్రి కూడా అక్కడే ఉన్నారా అని అడిగింది. ఉన్నారని చెప్పాను. అంతలో గాలికి ఒక నీలం చున్నీ గోడ మీది నుంచి జారింది. గదిలోంచి ఒక పిల్ల పరుగెత్తుకొచ్చి, దాన్ని తీసి రెండుసార్లు దులిపి, మళ్ళీ గోడ మీద పరిచి, ఎగిరిపోకుండా రాయి పెట్టి లోపలికి పోయింది.