ఊరికే తీయించిన రెండు గడ్డలు

ఆరు గడ్డలకు డబ్బు కట్టి మరో రెండింటిని సర్జన్ చేత ఊరికే తీయించిన బేరగాడు రాయపూర్ మొత్తంలో నేనొక్కణ్ణే. గిన్నెల కొట్లో పెరిగిన బుద్ధి మరి! అమ్మ ఒంట్లోని కొవ్వు గడ్డల్లో ఆరు బాగా సలిపేవి. తొడల మీది రెండింటికీ అసలు నొప్పే లేదు.

"అవి నన్నేటి చేసాయిరా, ఛోడ్ దో," అంది అమ్మ.

"ఊరికే వస్తుంటే వదులుకుంటామా?" అన్నాను.

ఏడాది తిరక్కుండా అన్నీ మళ్ళీ లేచాయి. ఈసారి తొడల మీదివీ సలిపాయి. కొవ్వే నొప్పిపెట్టే అరుదైన జబ్బు ఇదనీ, కోసినా తిరిగి రావచ్చనీ పెద్దాసుపత్రి డాక్టరమ్మ అప్పుడు చెప్పింది.

అంతకుముందు రోజూ కొట్టు కట్టేసి వచ్చి, అమ్మ ఒళ్ళో కాసేపు తల పెట్టుకునేవాణ్ణి. ఇప్పుడు మంచం దాకా వెళ్ళి ఆగిపోతాను.

"రారా, థోడా పెట్టుకో."

"వద్దమ్మా, నా తల బరువు."

"అందులో ఏటుందనిరా బరువు?"

నవ్వేసి కింద కూర్చుంటాను. అమ్మ చెయ్యి చాచి నా జుట్టు నిమురుతుంది.

లెక్క చెప్పాలంటే, ఆరు గడ్డలు అమ్మ కోరి తీయించుకుంది. ఆ రెండూ కోయకపోయినా సలిపేవేమో, డాక్టరమ్మే చెప్పలేనంది. కోయించింది మాత్రం నేను. వాటికి కట్టిన ధర అమ్మ ఒడి.