గుండె మిస్సింగ్ కొడుతోందనుకున్న కూర్మయ్య

భావనపాడు రేవులో బోటు ఇంజన్ మొరాయిస్తే జనం ముందు కూర్మయ్య దగ్గరికే తెచ్చేవారు. ఎవరో కూర్చోబెట్టి నేర్పిన విద్య కాదు అది. విప్పి, బిగించి, చెవి ఒగ్గి విని నేర్చుకున్నాడు. చప్పుడు ఒక్క తీరున సాగితే ఇంజన్ బాగున్నట్టు. తడబడితే మిస్సింగ్.

2014లో ఒడ్డు అలల్లో బోటు తిరగబడి అతని వెన్నుపూస విరిగింది. రొమ్ము కింద నుంచి ఒళ్ళు కదలదు. చేతులు మిగిలాయి కాబట్టి మంచం పక్కన బల్ల వేయించుకుని కార్బురేటర్లు బాగుచేస్తున్నాడు. దగ్గే బలం పోవడంతో కఫం ఛాతీలోనే ఉండిపోతుంది. కిందటి చలికాలం అదే ముదిరి చావు దాకా తీసుకెళ్ళింది. అందుకే టెక్కలి నుంచి వచ్చే ఫిజియో రాజకుమారి నిదానంగా, నిండా ఊపిరి తీసే సాధన నేర్పింది.

ఈసారి ఆమె వచ్చేసరికి కూర్మయ్య గొంతులో గురగుర.

“మావయ్యా, సాధన మానేసేరా?”

భార్య అసిరమ్మ అందుకుంది. “ఎంత సెప్పినా ఇంటేనా? నిండా ఊపిరి తీస్తే గుండె పాడైపోతందంట!”

“నువ్వుండెహె,” అని కూర్మయ్య మణికట్టు మీద వేలు పెట్టుకున్నాడు. “సూడమ్మా. పీలిస్తే ఉరుకుతాది, వదిల్తే ఎనకబడతాది. మిస్సింగ్ కొడతన్నాది. అందుకే పైపైన తీస్తన్నాను.”

“గుండె అలా ఊగాలి మావయ్యా,” అంది రాజకుమారి. “మెదడు నుంచి గుండెకొచ్చే నరం ఒకటి వెన్నులోంచి కాదు, మెడ పక్క నుంచి దిగుతాది. ఊపిరి వదిలినప్పుడు గుండెని నెమ్మది సేసేది అదే. మీ వెన్ను ఇరిగినా అది పని సేస్తన్నాదని ఈ ఊగుడే గుర్తు. ఊపిరితో సంబంధం లేకుండా తడబడితే అప్పుడు సెప్పండి.”

కూర్మయ్యకి నమ్మకం కుదరలేదు. అనుమానం వస్తే బాగున్న ఇంకో ఇంజన్‌తో పోల్చి చూడటం అతని పద్ధతి.

“ఒసే, సెయ్యి ఇలా తే.”

“నానేటి, నీ బోటు ఇంజన్నా?” అంటూనే ఇచ్చింది అసిరమ్మ.

“నిమ్మదిగా పీల్చు. ఇప్పుడు వదులు.”

కళ్ళు మూసుకున్నాడు. ఆమె నాడి ఉరికింది, నెమ్మదించింది. అతని దానికంటే ఎక్కువే ఊగింది. రోజూ చేపల తట్ట నెత్తిన మోసే మనిషి, ఏ రోగమూ ఎరగదు.

కూర్మయ్య ఆ చెయ్యి వదిలాడు. తర్వాత నిండా పీల్చాడు. రాజకుమారి అతని పక్కటెముకల కింద రెండు చేతులూ ఆనించి, అతను దగ్గినప్పుడల్లా పైకి నొక్కింది. చివరికి కఫం తెగి పడింది. అసిరమ్మ గిన్నె పట్టింది.

“తేలికయ్యిందా మావయ్యా?”

“అయ్యింది గానీ, అడుగున ఇంకా ఉన్నాది. మళ్ళీ నొక్కమ్మా,” అని కూర్మయ్య ఇంకో ఊపిరి అందుకున్నాడు.