కుడి అంచున గాటు

మా అమ్మ వయసులో ఉన్నప్పుడు కంప్యూటర్ల దగ్గర పని చేసేదంటే మా వ్యాసర్పాడి వీధిలో ఎవరూ నమ్మరు. మా నాన్నే "మీ అమ్మ మీటలు నొక్కేది" అని తేల్చేసేవాడు. ఆ మాటకి నాకు ఒళ్లు మండేది. అమ్మకి మాత్రం చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు.

అప్పట్లో కంప్యూటర్‌కి ఏం చెప్పాలన్నా అట్టకార్డుల మీద రంధ్రాలు పొడిచి చెప్పాలి. ఒక్కో అక్షరానికి రెండేసి రంధ్రాలు. అమ్మ ఆఫీసులో ఆ పని చేసే గదిలో అందరూ ఆడవాళ్లే, అమ్మతో కలిపి పదకొండు మంది. ఒకరు పొడిస్తే ఇంకొకరు సరిచూడాలి. అమ్మది సరిచూసే పని.

నేను బట్ట మీద బొమ్మలు కుడతాను. ఈ ఏడాది ఒక ప్రదర్శన కోసం దుప్పటంత ఖద్దరు గుడ్డని కార్డుగా చేసుకుని, ఆ పదకొండు పేర్లూ రంధ్రాలుగా కత్తిరించి, ప్రతి రంధ్రం చుట్టూ చొక్కాకి వేసినట్టు కాజా కుట్టాను. మూడు నెలలు పట్టింది. ప్రారంభానికి అమ్మ పాత స్నేహితురాళ్లు ముగ్గురు వస్తామన్నారు. ఒక్క రంధ్రం పక్క గడిలో పడినా ఒకావిడ పేరు మారిపోతుంది. అసలే వాళ్ల పేర్లు ఎక్కడా రాసి లేవు. నేనూ తప్పు రాస్తే ఇంక నా మొహం ఎలా చూపించను?

ముందురోజు మధ్యాహ్నం గుడ్డని హాల్లో నేల మీద పరిచాను. అమ్మ కళ్లజోడు సర్దుకుని, రంధ్రాలు వేలితో తడుముతూ పేరు పేరునా పైకి చదివింది. చివరి పేరు దగ్గర వేలు ఆగిపోయింది.

"ఇది నాది గదే?"

"నీదే. తప్పుందా?"

అమ్మ నా కత్తెర అందుకుని గుడ్డ కుడి అంచుని కసుక్కున కత్తిరించింది.

"అమ్మా!"

"ఎందుకే అట్టా అరుస్తావు? కార్డు కరెక్టుగా ఉంటే వెరిఫై మిషను ఈడ ఒక గాటు పెడతాది. గాటు లేని కార్డు మేము లోపలికి పంపం, పో."

నాకొచ్చింది నవ్వో ఏడుపో తెలియలేదు గానీ మూడు నెలల బెంగ ఒక్కసారిగా దిగిపోయింది. పోగులు లేవకుండా ఆ గాటు చుట్టూ కూడా కాజా కుట్టేశాను.

మర్నాడు ప్రదర్శనలో ఆ ముగ్గురూ గుడ్డ ముందు నిలబడి వాళ్ల పేర్లు వెతుక్కోలేదు. ముందు కుడి అంచు చూశారు.

"వెరిఫై ఎవురు చేసింది?" అని అడిగింది ఒకావిడ.

అంతమంది మధ్యలో మా అమ్మ చెయ్యెత్తింది. "నేనే."