సుడిలో ఇచ్చిన మాట

చంద్రవ్వ తెడ్డు వేస్తే గోదావరి కాస్త పక్కకు జరిగి దారి ఇస్తుందని రేవులో అనుకునేవారు. ఇటు ఒడ్డు కరీంనగర్ జిల్లా, అటు ఒడ్డు ఆదిలాబాద్. మధ్యలో వెదురుతో అల్లి తోలు కప్పిన గుండ్రటి పుట్టి, అందులో కాళ్లు ఎడంగా పెట్టి నిలబడ్డ ఒక ఆడమనిషి. మొగుడు పోయాక రేవులో అతని పుట్టి నడిపే వంతు ఆమెకు వచ్చింది. బెస్తల్లో ఆడది తెడ్డు పట్టడం ఎవరూ చూడలేదు. మరిది అంతయ్య మొదట గొణిగాడు, తర్వాత ఊరుకున్నాడు. పొద్దున వంతు ఆమెది, పొద్దు వాలాక అతనిది.

వంతులను ఏటా దసరానాడు మళ్లీ ఖాయం చేసుకోవాలి. తెడ్లు కడిగి పసుపు పూసి, నడుం లోతు నీళ్లలో నిలబడి, ఈ ఏడు నా వంతు నాది అని చెప్పాలి. ఊరు విడిచి పోయేవాళ్లు అక్కడే నిలబడి ఇంకొకరికి వదిలిపెట్టాలి. వదిలితే మళ్లీ దసరాదాకా అడగకూడదు. నీళ్లలో అన్న మాటకు సాక్షి అక్కర్లేదు. గంగ వింటుంది; అక్కడ గోదావరిని గంగ అనే అంటారు. నైజాం రాజ్యం పోయింది, హైదరాబాదు ఆంధ్రప్రదేశ్‌లో కలిసింది, ఆ కట్టుబాటు మాత్రం అలాగే ఉంది.

ఒడ్డుకు కొంచెం ఎత్తున దొరల గడీ ఉండేది. అందులో మధుసూదన్‌రావు, ఆయన భార్య ప్రమోదిని. హుజూరాబాద్ వైపు నుంచి కోడలిగా వచ్చిన ప్రమోదినికి నీళ్లంటే భయం. గంగాళంలో నీళ్లు ఊగినా కళ్లు మూసుకునేది. ఆ ఏడు మధుసూదన్‌రావు కాశ్మీరు ప్రయాణం పెట్టుకున్నాడు. శ్రీనగర్‌లో ఇల్లంత పడవ ఎక్కి, జీలం నది మీద మెల్లగా సాగి, మంచుకొండల నీడ పడే వూలర్ సరస్సు చూసి రావాలి. వంట పడవలోనే, నిద్ర పడవలోనే. ఆయన తెప్పించిన రంగుల బొమ్మలో కొండలను చూసి ప్రమోదిని మురిసిపోయింది. కింద నీళ్లను చూసి బొమ్మను బోర్లా పెట్టింది.

"కాశ్మీరు సంగతి తర్వాత," అన్నాడాయన. "మంచిర్యాలల రైలెక్కాలన్నా ముందు మన గోదారి దాటాలె గద. చంద్రవ్వను పిలిపిస్త. బెదిరిన బర్రెను సుత పుట్టిలెక్కిస్తది."

"నేను మీకు బర్రె లెక్క కనవడుతున్ననా?"

"బర్రె నయం. ఈత వస్తది."

మరునాడే చంద్రవ్వ ఆమెను రేవుకు తీసుకొచ్చింది. పుట్టిని నీళ్లకు దూరంగా, ఎండిన ఇసుకలో పెట్టి ఎక్కి కూర్చోమంది. ప్రమోదిని కూర్చుని రెండు చేతులా అంచు పట్టుకుంది.

"కదులుతాందే!"

"ఇసుకల ఎట్ల కదులుతది దొరసాని? నువ్వే వణుకుతానవ్."

తర్వాత చీలమండల లోతు నీళ్లు. తర్వాత మోకాళ్ల లోతు. చంద్రవ్వ తొందరపెట్టలేదు. కాల్చిన మక్కకంకి చేతికిచ్చి, "తినుకుంట కూసో. కడుపు ఖాళీగుంటె పుట్టి కంటె ముందు కడుపు తిరుగుతది," అనేది. "చెయ్యి తడుపు. భయం పొడిచేతుల ఉంటది." పుట్టి తనంత తానే తిరగడం మొదలుపెడితే ప్రమోదిని కేక వేసేది. "తిరగనియ్యి దొరసాని, ఫికర్ చెయ్యకు. మనం కాళ్లతోని నడుస్తం, ఇది తిరుగుకుంట నడుస్తది. దీని నడక గదే."

వానకాలం చివరి రోజులవి. ఎర్ర నీరు తేటపడుతోంది. అవతలి గట్టున రెల్లు విచ్చుకుంటోంది. పుట్టిలో ఇద్దరు ఆడవాళ్లు, మధ్యలో మక్కగింజలు రాలిన చీరకొంగు. ఒకరోజు ప్రమోదిని ఆ బొమ్మను కూడా తెచ్చింది.

"గీ తెల్లగున్నదేంది దొరసాని? సున్నమా?"

"మంచు. నీళ్లే చంద్రవ్వా. చలికి గడ్డకట్టి రాయి లెక్క అయితయి. దాని మీద మనుషులు నడుస్తరట."

చంద్రవ్వ బొమ్మను కళ్లకు దగ్గరగా పట్టుకుంది. ఆమెకు వరద నీరు తెలుసు, సన్నగిల్లిన వేసవి నీరు తెలుసు, పొగమంచు కింద పాల మీగడలా కదలకుండా కనిపించే తెల్లవారుజాము నీరు తెలుసు. అదీ కిందనుంచి పోతూనే ఉంటుంది. నీరు ఆగిపోతుందని, ఆగి కొండ మీద కూర్చుంటుందని ఎవరూ చెప్పలేదు.

నడిగంగలో ఒక సుడి ఉండేది. దానికి దూరంగానే పోయేవారు. ఆ రోజు గాలి మళ్లి పుట్టి దాని అంచుకు జారింది, గిర్రున తిరిగింది. ఆకాశం, రెల్లు, గడీ గోడ, మళ్లీ ఆకాశం. ప్రమోదిని చంద్రవ్వ నడుం చుట్టేసింది.

"నన్ను ఇడిసిపెట్టకు!"

"ఇడువ. చెయ్యి నీళ్లల్ల పెట్టు. అమ్మా గంగమ్మా అను."

ప్రమోదిని చెయ్యి ముంచింది. ముంచిన చెయ్యి తీయకుండానే అంది, "నువ్వు నాతోని రావాలె. కాశ్మీరుకు. నువ్వు లేకుంటె ఆ పడవ నేను ఎక్క. గంగ మీద ఒట్టు, నిన్ను తోలుకపోత."

చంద్రవ్వ తెడ్డును అడ్డంగా నొక్కింది. పుట్టి సుడిలోంచి బయటపడింది.  అంత పెద్ద మాట తన పుట్టిలో ఎవరూ ఎన్నడూ అనలేదు.

రేవంతటికీ తెలిసిపోయింది. మంచిర్యాల సంతకు కూరగాయల గంప మోసే కమలవ్వ పుట్టి ఎక్కుతూనే మొదలుపెట్టేది.

"ఏమే చంద్రీ, అక్కడ నీళ్ల మీద నడుస్తరట గద? ఇగ నీ పుట్టి ఎవడెక్కుతడే?"

"నిన్ను ఎక్కిస్త తియ్యి. నువ్వెక్కితె మంచు సుత పగులుతది."

"ఓ ముక్క మూటగట్టుకరా. మా ముసలోడి నెత్తి మీద పెడత, జర సల్లవడుతడు."

పుట్టి నిండా నవ్వులు. అక్కడి చలికని చంద్రవ్వ ఒక గొంగడి సంపాదించి ఎండకు వేసింది.

దసరా వచ్చింది. నెలకు పైగా పోయే మనిషి వంతును ఖాళీగా ఉంచడం కుదరదు. అంతయ్య ముందురోజే వచ్చి గడపలో కూర్చున్నాడు.

"వదినె, జర సోంచాయించు. నీళ్లల్ల ఇడిస్తె ఏడాదిదాక నీది గాదు. నేను ఇద్దామన్నా కులపోళ్లు ఒప్పరు."

"వచ్చినంక గడీల పనిచేసుకుంట. దొరసాని నీళ్లల్ల చెయ్యిపెట్టి అన్నది అంతయ్యా."

"ఆమెకు నీళ్లంటె ఏందో ఎరుకనా?"

"నేను నేర్పిన గద," అంది చంద్రవ్వ. కొంచెం గర్వంగానే అంది.

మరునాడు నడుం లోతు నీళ్లలో నిలబడి, పసుపు పూసిన తెడ్డును మరిది చేతిలో పెట్టింది. "ఈ ఏడు నా వంతు నీది." పండుగ చూడడానికి గడీవాళ్లూ వచ్చారు. ప్రమోదిని ఒడ్డున జరీచీరలో నిలబడి చూసింది. ఆ సాయంత్రం కూడా పుట్టిలో కూర్చుని, అంచు పట్టుకోకుండా నడిగంగదాకా వెళ్లి వచ్చింది.

ప్రయాణం రోజున పొద్దు పొడవకముందే చంద్రవ్వ రేవులో ఉంది. గొంగడిలో చుట్టిన మూట, జొన్నరొట్టెలు. గడీ నుంచి పెట్టెలు దిగాయి. మధుసూదన్‌రావు దిగాడు. ప్రమోదిని ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నీళ్లలోకి నడిచి, పుట్టిలోకి కాలు వేసి, ఊగినప్పుడు నడుం వంచి తూకం చూసుకుని కూర్చుంది. అచ్చం చంద్రవ్వ నేర్పినట్టే.

"మూట ఎక్కడ పెట్టాలె దొరసాని?"

ప్రమోదిని భర్త వైపు చూసింది. ఆయన పెట్టెలు సర్దుతున్నాడు.

"చంద్రవ్వా... చూసినవా, ఒక్కదాన్నే ఎక్కిన. నీ పుణ్యమే. నాకు భయం పోయింది. ఇగ నువ్వు అంతదూరం వచ్చి చలిల తిప్పలపడుడు ఎందుకు?"

చంద్రవ్వకు మొదట అర్థం కాలేదు. మూట చేతిలోనే ఉంది.

"రావద్దంటానవా?"

"అక్కడ వంటకు, పనికి పడవోళ్లే ఉంటరట."

"ఎప్పుడనుకున్నవ్ దొరసాని?"

"పండుగ ముందే. చెప్పుదమనుకున్న. చెప్తె నువ్వు చిన్నబుచ్చుకుని పుట్టి తీయవేమో అని... నాకు ఇంకా కొంచెం నేర్చుకునేదుండె."

"వంతు ఇచ్చుకుంటుంటె ఒడ్డున నిలవడి చూసినవ్."

"వంతుదేమున్నది?" అన్నాడు మధుసూదన్‌రావు తలెత్తకుండానే. "అంతయ్య నీ మరిదే గద."

"నీళ్లల్ల చెయ్యిపెట్టి అన్నవ్ దొరసాని."

"భయంల అన్న చంద్రవ్వా. భయంల ఎవరైన అంటరు." గొంతులో నిజమైన జాలి ఉంది. "నీకు మంచి శాలువ తెస్త."

అంతయ్య తెడ్డును అడ్డంగా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. "వదినె, నువ్వు చెప్పు. నేను తియ్య."

"తియ్యి," అంది చంద్రవ్వ. "రైలు పోతది."

పుట్టి కదిలింది. తిరుగుతూ తిరుగుతూ వెళ్లింది. ఒకసారి ప్రమోదిని ముఖం కనిపించేది, ఒకసారి వీపు. నడిగంగలో ఆమె నవ్వడం ఒడ్డుదాకా వినిపించింది. ఏ వణుకూ లేని నవ్వు. చంద్రవ్వ తన చేతులతో తానే చేసిన నవ్వు అది. ఎంత తేటగా ఉందో.

ఆ ఏడాది చంద్రవ్వ కలుపు తీసింది, వలలు బాగుచేసింది. కమలవ్వ ఎదురైనా ఆమెతో ఒక్క ఎకసెక్కెం కూడా ఆడలేదు. దానికి బదులు తిట్టినా బాగుండేది. శాలువ వచ్చింది. గడీ మనిషి గడపలో పెట్టి వెళ్లాడు. మెత్తగా, పావురం మెడ రంగులో ఉంది. చంద్రవ్వ దాన్ని కమలవ్వ ఇంటి బాలింత కోడలికి ఇచ్చింది.

మళ్లీ దసరాకు అంతయ్య స్వయంగా వచ్చి పిలిచాడు. "రా వదినె, నీ వంతు అడుగు. నేను అడ్డమన్ననా?"

ఆమె రేవుకు వచ్చింది. ఇసుక తడిసేచోట ఆగిపోయింది. కులపెద్దలు నీళ్లలో ఎదురుచూస్తున్నారు.

"నా వంతు నాకియ్యండ్రి," అంది అక్కడినుంచే.

"గట్ల నడువది చంద్రవ్వా. నీళ్లల్లకొచ్చి అడుగు."

"నీళ్లల్ల నేను మాట అన."

"అదేంది? గంగ వినాలె గద?"

"వింటదనే అనుకున్న," అంది చంద్రవ్వ. "వినలే."

 అంతయ్య నడుం లోతు నీళ్లలో తెడ్డు పట్టుకుని, ఆమె దిగుతుందేమోనని చూశాడు. పసుపు కరిగి చేతుల మీదికి కారింది. వంతు ఖాళీగా ఉండకూడదు. చివరికి తల వంచుకుని, ఈ ఏడు కూడా నాదే అని తనకే వినిపించనంత మెల్లగా అన్నాడు.

ఆ తర్వాత చంద్రవ్వ అవతలి ఒడ్డుకు ఎండకాలంలోనే వెళ్లేది. ఇసుక తేలినప్పుడు, తడి ఉన్న చోటల్లా చుట్టూ తిరిగి, ఒక్కతే నడిచి.