కార్డు వెనుక వైపు

ఈనిడ్ బారక్లఫ్ ముప్పైయొక్క సంవత్సరాలపాటు మా ఊరు కీత్లీలోని ఒక పాఠశాల వంటశాలను ఏలింది. ఉదయం ఏడు గంటలకు చేపల బండి వచ్చి ఆగగానే పెట్టె మూత తీయించి, చేప మొప్ప ఎత్తి చూసి, ముక్కు దగ్గర పెట్టుకొనేది. నచ్చకపోతే పెట్టెను మారుమాట లేకుండా తిరిగి బండిలోకి తోసేది.

"నిన్న రాత్రే సముద్రంలోంచి తీశారమ్మా," అన్నాడట ఒకనాడు బండివాడు.

"అయితే తీసుకెళ్ళి అక్కడే వదిలిపెట్టు నాయనా. పాపం, దాని వాళ్ళు వెతుక్కుంటూ ఉంటారు."

ఫ్రిజ్‌ల చల్లదనాన్ని రోజుకు రెండుసార్లు గీతల పుస్తకంలో రాసేది. ప్రతి ఉదయం పొయ్యిలన్నీ వెలిగించి మంట రంగు చూసేది. నీలంగా ఉంటేనే వంట. పసుపు కనబడితే ఆ పొయ్యి ఆనాటికి ఆరిపోవలసిందే. సహాయకురాలు ఒకతె, "కొంచెం పసుపే కదమ్మా," అని గొణిగితే, "నువ్వు కొంచెమే చచ్చిపోతావా?" అని అడిగింది.

అటువంటి మనిషి తన సొంత వంటగదిలో పద్నాలుగు నెలలు మోసపోయింది. వారి ఇంటికి ఎదురిల్లు మాది కనుక ఆ పద్నాలుగు నెలలూ నేను చూశాను. నాకు రోత పుట్టినది మోసగాడి మీద. ఆమెకు మాత్రం అందులో సగం తన మీదనే పుట్టింది. ఆ సగాన్ని ఈనాటికీ ఆమె ఎవరికీ వదిలిపెట్టదు.

ఇల్లంతటినీ వెచ్చబెట్టే వారి గ్యాస్ బాయిలర్ వంటగది మూలలో బీరువా అంత ఎత్తున నిలబడి ఉండేది. పాతకాలపు యంత్రం. పొగను గొట్టం ద్వారా పైకి పంపుతూ, మండడానికి కావలసిన గాలిని గదిలోనుంచే పీల్చుకొనేది. ఆ గాలి కోసమే గోడలో, నేలకు జానెడు ఎత్తున, ఇనుప జాలీ ఒకటి అమర్చి ఉండేది. చలికాలం వస్తే ఆ జాలీలోనుంచి గాలి కత్తిలా దూసుకొచ్చేది. ఈనిడ్ భర్త క్లిఫర్డ్‌కు తుంటి ఎముక మార్చిన తరువాత, వెచ్చదనం కోసం అతని కుర్చీని బాయిలర్ పక్కకు చేర్చారు. గాలి సరిగ్గా అతని చీలమండలను వెతుక్కుంటూ వచ్చేది.

ఇక డెస్మండ్ ఆగ్డెన్. మా ప్రార్థనామందిరంలో ఆదివారం వాకిట నిలబడి పాటల పుస్తకాలు పంచేవాడు. కాచిన వెన్న వంటి గొంతు. స్త్రీలందరూ అక్కయ్యలు, పురుషులందరూ అన్నయ్యలు. "డెస్మండ్ బాయిలర్లు చూస్తాడు," అని అందరూ అనేవారు. ఏం చూస్తాడో, ఎలా చూస్తాడో ఎవరూ అడిగినవారు కారు. గ్యాస్ పని చేసేవారి పేర్లు నమోదయ్యే రిజిస్టరు ఒకటుంది. అందులో పేరున్నవారికి కార్డు ఇస్తారు. ముందువైపు ఫోటో, పేరు. వెనుక వైపు ఆ మనిషి ఏయే యంత్రాల మీద చేయి వేయవచ్చునో ఆ వివరం. ఆగ్డెన్ మెడలో కార్డు వేలాడుతూ ఉండేది. అందులో అతడు నవ్వుతూ ఉండేవాడు. పక్క వరుసలో మోకరిల్లి ప్రార్థించేవాణ్ణి, "ఏదీ, ఆ కార్డు ఇటు తిప్పండి," అనడం మా ఊళ్ళో మర్యాద కాదు. మర్యాద కోసం ఊపిరి బిగబట్టే జనం మేము. ఈ మాట ఇక్కడ అలంకారం కాదు.

ఆ నవంబరులో ఆగ్డెన్ వచ్చాడు. రెండు కప్పుల టీ, రెండు ముక్కల అల్లం కేకు పూర్తయిన తరువాత బాయిలర్ ముందు కొద్దిసేపు గొంతుక్కూర్చున్నాడు. అటుపిమ్మట జాలీ మీద చెక్క బిగించి, అంచులకు తెల్లటి పూత పట్టించాడు.

"ఇంక గాలి రాదు అక్కయ్యా. అన్నయ్య కాళ్ళు వెచ్చగా ఉంటాయి."

"ఆ కంత అక్కడ ఊరికే పెట్టి ఉండరేమో, డెస్మండ్ గారూ," అంది ఈనిడ్.

"పాతకాలం వాళ్ళ చాదస్తం. ఇంకో ముక్క కేకు పెడతారా?"

ఆమె చూపు కార్డు మీద పడింది. అడగాలనిపించింది. అడగలేదు. కేకు పెట్టింది. 'తనిఖీ అయినది' అని తేదీ వేసిన చీటీని బాయిలర్ తలుపుకు అంటించి ఆగ్డెన్ వెళ్ళిపోయాడు.

క్లిఫర్డ్ నలభై ఏళ్ళు మా ఊరి వాద్యబృందంలో పెద్ద ఇత్తడి బూర ఊదినవాడు. పత్రికలోని గళ్ళనుడికట్టును పెన్సిలుతో కాక కలంతో పూరించేవాడు. ఆ చలికాలంలో అతడు కరిగిపోసాగాడు. ఉదయమంతా తలనొప్పి, మధ్యాహ్నమంతా నిద్ర. ఒకనాడు చెప్పును రొట్టెల డబ్బాలో పెట్టాడు. ఇంకొకనాడు ఈనిడ్‌ను తన తల్లి పేరుతో పిలిచాడు. ఆమెకూ సాయంత్రాలు తల బరువెక్కేది. కళ్ళజోడు మార్చుకోవాలనుకొంది. ఉద్యోగం మానిన తరువాత పగలు ఎక్కువసేపు ప్రార్థనామందిరపు వంటగదిలో సాయం చేస్తూ ఉండడం వల్ల ఆమెకు అంతటితో పోయింది.

ఆగ్డెన్ పరామర్శకు వచ్చేవాడు. ఆ వంటగదిలోనే, ఆ బాయిలర్ పక్కనే కూర్చొని, కళ్ళు మూసుకొని ప్రార్థన చేసేవాడు. "వయసు అక్కయ్యా. దేవుడి చిత్తం," అనేవాడు. తన చేతితో మూసిన కంతను భగవంతుని మీదికి నెట్టి, ఆ పైన కేకు తినగల నాలుక అది. వేసవిలో కిటికీలు తెరిచాక క్లిఫర్డ్ కాస్త తేరుకొన్నాడు. అది మన ప్రార్థనా ఫలమని ఆగ్డెన్ ఆదివారం నిలబడి చెప్పాడు. మేమందరం ఆమెన్ అన్నాము. నేనూ అన్నాను.

మరుసటి నవంబరులో మళ్ళీ వచ్చి, మొదటి చీటీ మీద రెండో చీటీ అంటించి వెళ్ళాడు. క్రిస్మస్ నాటికి క్లిఫర్డ్ చెంచా పట్టుకోవడం మరచిపోయాడు. జ్ఞాపకశక్తి పరీక్షకు తేదీ వచ్చింది. అందులో తప్పితే కొండ మీది వృద్ధుల ఆశ్రమంలో చేర్చడమే మేలని, అక్కడ ఒక మంచం ఖాళీ అవుతున్నదని ఆసుపత్రివారు చెప్పారు. యాభైరెండేళ్ళ కాపురం ఆ మంచం దగ్గరికి వచ్చి ఆగింది. పరీక్షకు ముందు మూడు వారాలు అతని మంచి పూటలూ చెడ్డ పూటలూ రాసి తెమ్మని నర్సు ఈనిడ్‌కు చెప్పింది.

ఆమెకు రాయడం ఒక్క విధంగానే తెలుసు. వంటశాల పుస్తకంలో వలెనే గీతలు గీసింది. ఉదయం ఒక గడి, సాయంత్రం ఒక గడి. అలవాటు కొద్దీ పక్కన బయటి చలి ఎంత ఉన్నదో కూడా రాసింది. మూడో వారం ముగిసిన శుక్రవారం ఉదయం ఆ కాగితం ముందు కూర్చుంది. మంచు కురిసిన రోజులన్నీ చెడ్డ రోజులు. గురువారాలు మాత్రం మంచి రోజులు. గురువారం వాద్యబృందం వాళ్ళు క్లిఫర్డ్‌ను తమ గదికి తీసుకుపోయి, పాత స్వరపత్రాలు సర్దే నెపంతో కూర్చోబెట్టేవారు. మంచు కురిసిన గురువారం కూడా, మధ్యాహ్నమయ్యేసరికి అతడు మనిషయ్యేవాడు.

ఈ వరుస ఆమె ఎరిగినదే. సోమవారం పాలు విరిగి, మంగళవారం పాలు విరిగి, వేరే ఫ్రిజ్‌లో పెట్టిన పాలు నిలిచాయంటే, చెడింది పాలు కాదు, పాలు పెట్టిన చోటు.

చలి పెరిగేకొద్దీ ఆ చోట ఎక్కువగా మండేది బాయిలర్. ఆమె లేచి దాని ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. మంటను చూడడానికి తలుపులో చిన్న అద్దం ఉంటుంది. దాని మీద మసి పట్టి ఉంది. ఏప్రన్ అంచుతో తుడిచి చూసింది. లోపల మంట పసుపుగా, బద్ధకంగా, నాలుకలు వేలాడేసుకొని ఊగుతున్నది. ముప్పైయొక్క సంవత్సరాలు ప్రతి ఉదయం మంట రంగు చూసిన కళ్ళు, ఈ పద్నాలుగు నెలల్లో ఒక్కసారి వంగి చూడలేదు.

బాయిలర్ ఆపింది. తలుపులూ కిటికీలూ బార్లా తీసింది. క్లిఫర్డ్ చంకలో చేయి వేసి లేవదీసింది.

"ఎక్కడికే?"

"ఎదురింటికి."

"ఇంటి చెప్పులతోనా?"

"వాళ్ళు చెప్పులు చూడని వాళ్ళేం కాదు. నడువయ్యా."

మా ముందుగదిలో అతణ్ణి కూర్చోబెట్టి, మా ఫోనులోనుంచే గ్యాస్ ప్రమాదాల నంబరుకు చెప్పింది. గంటలోపే మనిషి వచ్చి, మీటరు దగ్గర గ్యాస్ మూసివేశాడు. అక్కడినుండి క్లిఫర్డ్‌ను ఆసుపత్రికి తీసుకుపోయి రక్తం తీస్తే, గాలి చాలక మండిన గ్యాస్ వదిలే విషవాయువు అందులో ఇంకా మిగిలి ఉంది. దానికి రంగు లేదు, వాసన లేదు. ఇంత గొప్ప ముక్కున్న మనిషిని ఓడించడానికి అటువంటిదే రావలసి వచ్చింది.

ఈనిడ్ ఈసారి ఎవరి మంచితనాన్నీ విచారించలేదు. రిజిస్టరు కార్యాలయానికి ఫోన్ చేసి, పాతరకం బాయిలర్ల పని చేయడానికి అర్హత ఉన్నవారి పేరు అడిగింది. మరునాడు ఉదయం జనీన్ సట్‌క్లిఫ్ అనే నలభై ఏళ్ళ స్త్రీ పనిముట్ల పెట్టెతో వచ్చింది. గడప దాటకముందే కార్డు తీసి చూపించి, అడగకుండానే వెనక్కి తిప్పింది.

"ఇది ఎవరూ చదవరమ్మా," అంది.

"నేను చదువుతాను. నువ్వు అక్కడే ఉండు."

చినుకుల్లో మంచు కలిసి పడుతున్నది. ఈనిడ్ కళ్ళజోడు తెచ్చుకొని, ఆమెను బయటే నిలబెట్టి, ప్రతి పంక్తీ వేలు పెట్టి చదివింది. తరువాత ముందువైపు తిప్పింది.

"ఫోటోలో జుట్టు నల్లగా ఉంది."

"అప్పటికి నాకు పిల్లల్లేరమ్మా."

"లోపలికి రా."

జనీన్ బాయిలర్ ముందు కూర్చొని మొదట మూత బిగించిన మరలను చూసింది. వాటి మీద పూసిన రంగు గోడ మీది రంగే. ఒక్క మర గాటులో కూడా రంగు చెదరలేదు.

"ఈ గదికి రంగు వేసి ఎన్నాళ్ళయింది?"

"పదకొండేళ్ళు."

"పదకొండేళ్ళుగా దీని మూత ఎవరూ విప్పలేదమ్మా. మరి ఈ చీటీలేమిటి?"

జనీన్ రంగు గీరి మరలు విప్పి మూత తీసింది. లోపల మసి దళసరిగా, మెత్తగా, జంతువు బొచ్చులా పేరుకొని ఉన్నది. సగం గొట్టం పూడిపోయింది. తరువాత ఆమె గోడ దగ్గరికి పోయి, చెక్కను వేలితో తట్టింది.

"దీన్ని మూసిందెవరు?"

"ప్రార్థనామందిరంలో పాటల పుస్తకాలు పంచే ఆయన."

"ఆయన కార్డు వెనకాల ఏముంది?"

"చూడలేదు."

"పోనివ్వండి. ఎవరూ చూడరు."

"నేను చూసేదాన్ని," అంది ఈనిడ్. "చేపల్ని."

జనీన్ చెక్కను ఊడబెరికి, బాయిలర్‌కు ఎర్ర చీటీ కట్టింది. ఇక అది వెలగరాదు. ఆగ్డెన్ పేరు రాసుకొని, రిజిస్టరువారికి తానే తెలియజేస్తానంది. గోడలో అమర్చే కొత్తరకం బాయిలర్ రావడానికి ఆరు రోజులు పట్టింది. అది బయటి గాలినే పీల్చి, పొగను బయటికే వదులుతుంది. ఆ ఆరు రోజులూ క్లిఫర్డ్ మా ఇంట్లోనే ఉన్నాడు. మూడో రోజు మధ్యాహ్నం కళ్ళు తెరిచి మా గోడ గడియారం వైపు చాలాసేపు చూశాడు.

"మీ గడియారం నాలుగు నిమిషాలు వెనక నడుస్తోంది," అన్నాడు.

ఈనిడ్ లేచి మా వంటగదిలోకి పోయి, కుళాయి విప్పి, నీళ్ళ చప్పుడు చాటున ఏడ్చింది.

జ్ఞాపకశక్తి పరీక్షను రెండు నెలలు వాయిదా వేశారు. దానిలో అతడు నెగ్గాడు. కొండ మీది మంచం మరెవరికో పోయింది. అయితే పోయినవన్నీ తిరిగి రాలేదు. బూర మీటల మీద వేళ్ళు ఇప్పటికీ ఒక స్వరం వెనకబడతాయి.

కొత్త బాయిలర్ వెలిగిన మరుసటి ఆదివారం, ప్రార్థన ముగిశాక, ఎప్పటివలెనే ఈనిడ్ పెద్ద స్టీలు పాత్ర దగ్గర నిలబడి టీ పోస్తున్నది. వరుసలో ఆగ్డెన్ వంతు వచ్చింది. కప్పు చాచాడు.

"అన్నయ్య లేచి తిరుగుతున్నాడట కదా అక్కయ్యా. మన ప్రార్థన వృథా పోలేదు."

"కార్డు ఉందా, డెస్మండ్ గారూ?"

అతడు నవ్వుతూ కోటు జేబులోనుంచి తీసి చూపించాడు.

"తిప్పండి."

"ఇక్కడెందుకు అక్కయ్యా. అందరూ ఉన్నారు."

"అందుకే."

అతడు తిప్పలేదు. ఈనిడ్ చేయి చాచి, మొప్ప ఎత్తినట్లు, రెండు వేళ్ళతో దాన్ని తిప్పింది. అక్కడ ఒకే ఒక్క పంక్తి ఉంది. దానిని ఆమె పిల్లలకు ఆనాటి భోజనం చదివి వినిపించే గొంతుతో పైకి చదివింది.

"వంట పొయ్యిలు."

వరుసలో ఎవరో దగ్గారు. "పెద్దమనిషిని అంతమాటా," అని వెనకనుంచి ఒక స్త్రీ గొంతు వినిపించింది. అంతటితో ఆ గదిలోని కోపమంతా ఆగ్డెన్ మీద కాక ఈనిడ్ మీదికి తిరిగిందని నాకు తెలిసింది. ఆమెకూ తెలిసింది. తల ఎత్తలేదు.

"మీ బాయిలర్ల పనితనం చూశాను. మసి కూడా చూశాను. అడుగుతున్నది ఒక్కటే," అంది. "ఇంకా ఎవరెవరి ఇళ్ళలో ఆ జాలీలు మూశారు?"

ఆగ్డెన్ గొంతులోని వెన్న గడ్డకట్టింది. అతడు జవాబు చెప్పవలసిన పని కూడా లేకపోయింది. ఇందాక గొంతెత్తిన స్త్రీయే తన కప్పును బల్ల మీద పెట్టింది. నిండు కప్పు. కోటు గుండీలు పెట్టుకోకుండానే తలుపు వైపు నడిచింది. ఆమె తల్లి ఇంట్లో మంచం మీద ఉంది. తరువాత మరొక కప్పు బల్ల చేరింది. ఆ తరువాత కిటికీ దగ్గరున్న భార్యాభర్తలవి రెండూ. ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు, ఒక్కరూ పరుగెత్తలేదు. పరుగెత్తడం మర్యాద కాదు. వీధిలోకి పోయిన తరువాత మాత్రం అడుగులు వడిగా వినిపించాయి.

ఆగ్డెన్ ఇంకా కప్పు చాచే ఉన్నాడు. ఈనిడ్ పాత్ర కుళాయి మూసి, గుడ్డతో దాని చుట్టూ తుడిచి, తడి కప్పులను లెక్కపెట్టకుండా తొట్టిలో పడవేసింది.