దొర నేర్పిన సేద్యం

ఎడ్వర్డన్న దగ్గర ఎవరైనా పది నిమిషాలు కూర్చుంటే చాలు, మాటల్లో స్విట్జర్లాండ్ వచ్చి తీరుతుంది. ఈ అరబ్బు దేశంలో దుఖాన్ రోడ్డు పక్కన కూరగాయల తోటలో ఆయన సేద్యం పనంతా చూసే పెద్ద రైతు, నేను పంపులు చూసేవాడిని. ఏడేళ్ళుగా ఒకే గదిలో ఉంటున్నాం కాబట్టి ఆ వంశావళి ఆయనకంటే నాకే బాగా వచ్చు.

నూట నలభై ఏళ్ళ కిందట బుర్గెనర్ అనే స్విస్ దొర క్రైస్తవ మిషన్ పని మీద నరసాపురం వచ్చాడట. మిషన్‌తో పొసగక కాలవ పక్కన మూడెకరాలు కొని, అక్కడి పిల్లనే పెళ్ళాడి సేద్యంలో పడ్డాడట. ఆయన కొడుకు యోహాను, యోహాను కొడుకు థియోఫిలు, ఆయన కొడుకు జేమ్స్, జేమ్స్ కొడుకు మా ఎడ్వర్డన్న. ఊళ్ళో అందరి చేలూ మునిగినా వాళ్ళ చేను మునగదట. అది దొర నేర్పిన సేద్యమని ఇంటిల్లిపాదికీ గొప్ప. రంగు చూస్తే మాత్రం ఎడ్వర్డన్న నాకంటే పిసరంత నలుపే. ఆ మాటంటే అలుగుతాడు.

మా అర్బాబ్‌కి, అంటే తోట యజమానికి, ఈ కథ తెగ నచ్చింది. పెద్ద రైతు ఉద్యోగం ఇచ్చిందే దాన్ని చూసి. ఈ చలికాలం సంతలో మా దుకాణానికి బోర్డు పెట్టిస్తానన్నాడు. ఎడ్వర్డన్న ఫొటో, కింద 'ఐదు తరాల స్విస్ రైతు' అని. అగ్రిమెంట్ కూడా ఇంకో రెండేళ్ళు పొడిగిస్తానన్నాడు.

సరిగ్గా ఆ వారమే నరసాపురం నుంచి ఎడ్వర్డన్న మేనత్త జెరూషమ్మ ఒక ఉత్తరం నకలు ఆయన ఫోన్‌కి పంపింది. రిటైరైన టీచరు, ఊరికే కూర్చోదు. దొర తన అన్నకు రాసిన ఉత్తరాన్ని మిషన్ పాత కాగితాల్లో వెతికించి, ఇంగ్లీషులోకి రాయించి తెప్పించిందట. ఎడ్వర్డన్న నాకు తెలుగులో చదివి చెప్పాడు.

"నేను గడియారాలు బాగుచేసేవాణ్ణని నీకు తెలుసు. ఈ బురద నేలలో వరి విత్తనాల్ని మన గోధుమల్లాగే తాడు పట్టి వరసల్లో పాతాను. వానకి మొత్తం కుళ్ళింది. ఊరంతా నవ్వింది. నా భార్య పుట్టింటి నుంచి నారు తెచ్చి తనే నాటింది. మురుగు కాలవ తవ్వించింది కూడా ఆమే. ఇప్పుడు ఆమె చెప్పినట్టే చేస్తున్నాను."

ఎడ్వర్డన్న రెండు రోజులు సరిగా తినలేదు.

"గా ఉత్తరం ఎవలు చూసిండ్రన్నా? పక్కకు పెట్టు. ఈ అగ్రిమెంట్ పోతే మల్ల దొర్కుతదా?" అన్నాను.

"అబద్ధం మీద నా ఫొటో ఎలా పెట్టించుకోమంటావు లింబాద్రీ?" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. నిజం చెప్పడానికి ఇదా సమయం?

బోర్డు రాసే హుస్సేన్ వచ్చిన రోజే ఎడ్వర్డన్న అర్బాబ్ ముందు నిలబడి అంతా చెప్పేశాడు. ఇక సామాను సర్దుకోవడమే అనుకున్నాను. అర్బాబ్ కాసేపు చెట్లకున్న టమాటాల వైపు చూశాడు.

"ఈ పంట ఎవరిది? ఆ స్విస్ వాడిదా, నీదా?"

"నాదే అర్బాబ్."

"ఖలాస్, అంతే. నువ్వు ఉంటున్నావు. బోర్డు మీద ఆ నారు నాటిన ఆవిడ పేరే రాయిద్దాం. ఏం పేరు?"

"మరియ..." అని ఆగిపోయాడు ఎడ్వర్డన్న. ఇంటి బైబిల్లో దొర పేరు పక్కనున్న పేరది. బాప్తిస్మంలో పెట్టింది. నారు తెచ్చిన పిల్లని పుట్టింట్లో ఎవరూ అలా పిలిచి ఉండరు. వెంటనే మేనత్తకి ఫోన్ చేశాడు.

"అత్తా, మరియమ్మ గారి అసలు పేరేంటి? బాప్తిస్మానికి ముందుది?"



"తెలీదురా. దొర ఊరి పేరు అడిగాం. ఎక్కి వచ్చిన ఓడ పేరు కూడా అడిగాం. ఆవిడ పేరు మాత్రం మాలో ఎవరం అడగలేదు."

హుస్సేన్ కుంచె పట్టుకుని ఎదురు చూస్తున్నాడు. ఐదు తరాల మగవాళ్ళ పేర్లు గడగడా అప్పజెప్పే మనిషి, తన ఇంటికి సేద్యం నేర్పిన ఆడమనిషి పేరు చెప్పలేక, ఉద్యోగం నిలబడిన రోజున అందరి ముందూ సిగ్గుతో ఏడ్చాడు.