మా ఇల్లు ఒక ప్రార్థన అంశం

ఇళ్ల ఏజెంట్‌ని నేను మొదట అడిగింది ధర కాదు. "ఈ పేటలో మాలాంటివాళ్లు ఉంటారా?" అని అడిగాను. మాలాంటివాళ్లు అంటే నేనూ, పక్కన నిలబడ్డ నా భార్యా. ఏజెంట్ మర్యాదగా నవ్వి, ఎక్కడ ఎవరుంటారో తను చెప్పకూడదనీ, చట్టం ఒప్పుకోదనీ, వీధుల్లో తిరిగి మీరే చూసుకోండనీ అంది. చట్టం సంగతి నిజమేనని తర్వాత తెలిసింది. ఆ రోజు మాత్రం ఈవిడ ఏదో దాస్తోందనే అనుకున్నాను.

అనుమానపడటం నాకు జీతమిచ్చే పని. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. దక్షిణాదిన బెంటన్‌విల్ అనే చిన్న ఊళ్లో ఉన్నన్నాళ్లూ దుకాణాల బిల్లింగ్ మెషిన్లని అనుమానించాను. ఇప్పుడు డెట్రాయిట్ దగ్గర ఒక కంపెనీలో కార్ల బ్రేకుల్ని అనుమానించే ఉద్యోగం వచ్చింది. నేను పెరిగింది ఇక్కడికి దగ్గర్లోని నోవైలో. నాన్న పోయాక అమ్మ అక్కడే ఒంటరిగా ఉంటోంది. అందుకని తిరిగి వద్దామనుకున్నాం. కానీ నోవైకి కాదు.

"మా వీధి చివర ఇల్లు అమ్మకానికి పెట్టారే. మంచి బేస్‌మెంట్ ఉంది" అని అమ్మ ఫోన్‌లో రెండుమూడు సార్లు అంది.

వద్దన్నాను. నోవైలో కొత్తిమీర కట్ట కావాలన్నా కారు తీయాలి. ఇండియన్ స్టోర్ ముందు పార్క్ చేస్తే పక్క కార్లోంచి దిగేది నా చిన్నప్పటి ఆంటీయే అవుతుంది. నాకు నడిచి తిరగగలిగే పేట కావాలి. రకరకాల మనుషులుండాలి. ఇద్దరాడవాళ్లు చెయ్యీ చెయ్యీ పట్టుకుని లైబ్రరీ దాకా వెళ్తే ఎవరూ మెడ తిప్పి చూడకూడదు. బెంటన్‌విల్‌లో మేం చేతులు పట్టుకున్నది కార్లోనే, అదీ అద్దాలెత్తి. కారు దిగగానే ఇద్దరం ఒకే ఆఫీసులో పనిచేసేవాళ్లలా విడివిడిగా నడిచేవాళ్లం. టెక్సాస్‌లో పెరిగిన మెక్సికన్ల పిల్ల నా భార్య. అలా నడవడం తనకి చచ్చేంత చిరాకు. నా కోసం ఓర్చుకుంది.

ఇల్లు చూడటానికి తనూ వస్తానంది అమ్మ. ఎందుకమ్మా అంటే, "నేను రాకూడదా?" అని ఎదురు ప్రశ్న వేసింది. అక్కడే నాకు తేడా కొట్టింది. మా పెళ్లికి రాని మనిషి ఇల్లు చూడటానికి ఎందుకొస్తున్నట్టు?

అమ్మ గురించి కొంచెం చెప్పాలి. గుంటూరు నుంచి నర్సుగా వచ్చి, ఇక్కడి ఆసుపత్రుల్లోనే పనిచేసి రిటైరయింది. నాకు తెలుగు చదవడం వచ్చింది ఆవిడ బైబిల్లోనే. మా తెలుగు క్రైస్తవ సంఘం ఆదివారం మధ్యాహ్నాలు ఒక అమెరికన్ చర్చి హాలు అద్దెకు తీసుకునేది. ప్రతి నెలా మొదటి ఆదివారం రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభు బల్ల సిద్ధం చేసేది అమ్మే. బల్ల మీద పరిచే తెల్ల గుడ్డని శనివారం ఇస్త్రీ చేస్తుంటే మేమెవరం ఆ గదిలోకి వెళ్లేవాళ్లం కాదు.

ఆరాధన చివర పాస్టర్ గారు "ప్రార్థన అంశాలు చెప్పండి" అనేవారు. ఒక్కొక్కరూ లేచేవాళ్లు. "నాకు తెలిసిన ఒక కుటుంబం కోసం", "ఒక సహోదరి కుమార్తె కోసం" అంటూ పేరు చెప్పకుండా చెప్పేవాళ్లు. కోడికూర వడ్డించే వేళకి ఆ కుటుంబమేదో, ఆ కుమార్తె ఎవరో హాలంతా తెలిసిపోయేది. ఎవరి గ్రీన్‌కార్డు ఆగిందో, ఎవరి సంబంధం చెడిందో నాకు తెలిసింది అక్కడే. పైగా అందరి కళ్లూ మూసే ఉంటాయి కాబట్టి అది చాడీ కిందికి రాదు.

నా సంగతి అమ్మకి చెప్పిన రోజున కూడా ఆవిడ ఆ గుడ్డే ఇస్త్రీ చేస్తోంది. నా మాట విని కూడా ఇస్త్రీ ఆపలేదు. ఆ నెల తిరక్కుండానే చర్చి ఆంటీ ఒకావిడ ఫోన్ చేసి, "నీ కోసం ఉపవాసముండి ప్రార్థన చేస్తున్నామమ్మా, ప్రభువు మారుస్తాడు" అంది. నేను బెంటన్‌విల్ ఉద్యోగం ఒప్పుకోవడానికి ఆ ఫోనే కారణం. నన్ను అంశం చేసి నిలబెట్టింది ఎవరో నేను అడగలేదు, అమ్మ చెప్పలేదు. మా పెళ్లికి ఆవిడ రాలేదు. వారం తర్వాత ఒక ప్రెషర్ కుక్కర్ మాత్రం పార్సెల్లో వచ్చింది. దాని విజిల్‌కి నా భార్య ఇప్పటికీ ఉలిక్కిపడుతుంది.

అలాంటి అమ్మ మాతో పాటు ఇళ్లు చూడటానికి బయల్దేరింది. మార్చి నెల. రోడ్ల పక్కన మంచు నల్లబడి గుట్టలుగా ఉంది. డెట్రాయిట్ అంచునున్న పాత పేట అది. ఇటుక ఇళ్లు, ఇరుకు వాకిళ్లు, నాలుగడుగులేస్తే మందుల షాపు, ఇంకో నాలుగు వేస్తే బేకరీ. ఇంటింటికీ మాలాంటివాళ్లకి మద్దతుగా కట్టే ఇంద్రధనుస్సు జెండాలు. "అందరికీ స్వాగతం" అని వాకిళ్లలో పాతిన బోర్డులు. నా భార్య మొహం వెలిగిపోయింది. నాకు మాత్రం జెండాలు వెలిసిపోయినట్టు కనిపించాయి. ఎప్పుడో ఎవరో కట్టి మర్చిపోయారేమో. ఇన్ని బోర్డులు పెట్టి మరీ చెప్పుకోవాల్సి వచ్చిందంటే ఇక్కడ ఏదో జరిగి ఉంటుందనిపించింది.

"నువ్వు పూలగుత్తి ఇచ్చినా బాంబేమోనని చూస్తావు" అంది నా భార్య ఇంగ్లీషులో.

అమ్మకి వేరే అనుమానాలు. "ఇన్ని కాఫీ షాపులేందే, వీళ్ల ఇళ్లల్లో స్టవ్‌లు లేవా?" అంది. "ఈ ఐస్‌లో నడవడమేంది, తుంటి విరగ్గొట్టుకోడానికా?" అంది. ప్రతి ఇంట్లోనూ తిన్నగా బేస్‌మెంట్‌కి దిగి, ముక్కు ఎగబీల్చి, "చెమ్మ" అని తీర్పు చెప్పి పైకి వచ్చేది. అక్కడితో ఆగితే బాగుండేది. మేం పై గదులు చూస్తుంటే, "మీరు చూడండి, నేనట్లా ఒక రౌండ్ నడిచొస్తా" అని వెళ్లిపోయేది. నడకంటే మోకాళ్లు పట్టుకునే మనిషి. ఎంతకీ వచ్చేది కాదు. ఎక్కడికెళ్లావంటే, "ఊరికే" అనేది.

అమ్మ ఊరికే ఏదీ చేయదు. రెండోసారీ అలాగే మాయమైంది. రాత్రంతా ఆలోచించాను. ఏ పాస్టర్నో పట్టుకుని, మేం ఇక్కడికి రాగానే మమ్మల్ని మార్చే ఏర్పాటు చేస్తోందని తేల్చుకున్నాను. మళ్లీ ఇంకో భాష మాట్లాడే ఆంటీలు, మళ్లీ ఉపవాసాలు. ఈ వయసులో అది పడే ఓపిక నాకు లేదు. అలాంటిదే అయితే ఇల్లూ వద్దు, పేటా వద్దు, అమ్మతో ఈ రాకపోకలూ వద్దని గట్టిగా అనేసుకున్నాను. అనుకున్నాక ఏడుపొచ్చింది.

మూడోసారి చూసిన ఇల్లు ఇద్దరికీ నచ్చింది. వంటింటి కిటికీలోంచి వీధి కనిపిస్తుంది. అమ్మ బేస్‌మెంట్‌లోంచి పైకొచ్చి ఏమీ అనలేదు. అంటే ఆవిడకీ నచ్చినట్టే. మళ్లీ "నేనట్లా..." అంటూ కోటు వేసుకుంది. నా భార్యని ఏజెంట్‌తో మాట్లాడుతూ ఉండమని సైగ చేసి, నేను వెనకే వెళ్లాను. కన్నతల్లిని వెంబడించడం గొప్ప పనేం కాదు. అయినా వెళ్లాను.

అమ్మ మందుల షాపు దాటి, మూలమీదున్న ఇటుక చర్చి ముందు ఆగింది. అనుకున్నంతా అయింది. నెరిసిన జుట్టుతో, పెద్ద స్వెట్టరు వేసుకున్న ఒక తెల్లావిడ మంచు కరగడానికి మెట్ల మీద ఉప్పు చల్లుతోంది. ఆవిడే అక్కడి పాస్టర్ అని తర్వాత తెలిసింది. పక్కనే బస్ స్టాప్ ఉంటే దాని అద్దం వెనక నిలబడ్డాను. ఆసుపత్రిలో షిఫ్ట్ మారేటప్పుడు రోగి పరిస్థితి అప్పగించే గొంతు ఒకటి ఉంది అమ్మకి. అదే గొంతుతో ఇంగ్లీషులో మాట్లాడుతోంది.

"నా కూతురూ, దాని భార్యా ఈ పేటకి వస్తున్నారు. ఆదివారాలు నేను వాళ్లింటికి వస్తాను. మేం ముగ్గురం ఇక్కడికి నడిచొచ్చి ముందు వరసలో కూర్చుంటే, ఎవరైనా వచ్చి మమ్మల్ని వెనక్కి వెళ్లమంటారా? సూటిగా చెప్పండి."

ఆవిడ ఉప్పు చల్లడం ఆపి, ఎవరూ అలా అనరంది.

"జెండా చూశాను. జెండా ఎవరైనా కడతారు. నేను మనుషుల సంగతి అడుగుతున్నా. రెండు వీధుల అవతలున్న చర్చిలో కూడా అడిగాను. అక్కడాయన నవ్వి, టీ తాగమన్నాడు గానీ జవాబివ్వలేదు."

నా అనుమానపు బుద్ధి ఎవరి పోలికో నాకు ఆ అద్దం వెనక తెలిసింది. అంతకంటే ముందు నా చెవిలో పడింది వేరే మాట. అమ్మ "దాని భార్య" అంది. ఇన్నేళ్లూ నా దగ్గర "ఆ అమ్మాయి" అనే అంది.

బయటికి వచ్చేశాను. "నిన్ను వెనక్కి వెళ్లమన్నదెవరు?" అని తెలుగులో అడిగాను.

అమ్మ కంగారు పడలేదు. "ఎంతసేపటి నుంచి వింటున్నావే?" అని, పాస్టర్‌తో ఒక్క నిమిషం అని చెప్పి, బస్ స్టాప్ బల్ల మీదికి వచ్చి కూర్చుంది. మోకాళ్లు నొక్కుకుంది. నేనూ పక్కన కూర్చున్నాను.

"క్రిస్మస్ వెళ్లాక ఒక ఆదివారం పాస్టర్ గారు అంశాలు చెప్పమన్నారు" అంది. "లేచి చెప్పాను. నా కూతురూ, దాని భార్యా తిరిగి వస్తున్నారు, వాళ్లకి మంచి ఇల్లు దొరకాలని ప్రార్థన చెయ్యండి అని."

"భార్య అనే అన్నావా?"

"మరేమనాలి? పెళ్లి చేసుకున్నారు గదా."

"ఏమన్నారు?"

"ఏమీ అనలా. పాస్టర్ గారు ఇంకెవరికైనా అంశాలున్నాయా అని అడిగారు." రోడ్డు వైపు చూసింది. "కుక్క తప్పిపోయిందని చెబితే ప్రార్థన చేస్తారే మా వాళ్లు. నా అంశానికి ఒక్కరూ ఆమేన్ అనలేదు."

తర్వాతి నెల గుడ్డ ఇస్త్రీ చేసి పట్టుకెళ్తే, మీరింక రెస్ట్ తీసుకోండమ్మా, చిన్నవాళ్లు చూసుకుంటారులే అన్నారట. ముందు వరసలో అమ్మ ఎప్పుడూ కూర్చునే కుర్చీలో ఎవరిదో బ్యాగు ఉందట. వెనక చోటుందని చూపించారట. అమ్మ కూర్చోలేదు. గుడ్డ తీసుకుని కారెక్కింది. అది ఇప్పటికీ కార్లోనే ఉంది.

నాకు కోపం వచ్చింది. ఆ హాల్లో ఉన్న ఒక్కొక్కరి మొహమూ గుర్తొచ్చి ఇంకా పెరిగింది. వాళ్ల పిల్లల జ్వరాలకి అర్ధరాత్రి లేచి ఫోన్లో మందులు చెప్పిన మనిషి మా అమ్మ. ఆ కోపం మీదే, ఇన్నేళ్లుగా అడగనిది కూడా అడిగేశాను. "అప్పుడు నన్ను అంశం చేసింది నువ్వేనా?"

"నేనే" అంది. "నువ్వు మారాలని అడిగాను. చాలా ఏళ్లు అడిగాను. అప్పుడు మాత్రం అందరూ ఆమేన్ అన్నారు."

నా అనుమానం నిజమే అయింది. నిజమైనందుకు సంతోషమేమీ కలగలేదు. నొప్పి మాత్రం పాతదైనా కొత్తదాన్లాగే ఉంది. "మరి ఇప్పుడెందుకు మానేశావు?" అన్నాను.

"మీ నాన్న పోయినప్పుడు ఆ అమ్మాయి నా దగ్గర పది రోజులుంది. రోజూ పొద్దున నా కాళ్లకి ఎక్సర్‌సైజులు చేయించింది. నువ్వేమో ఆఫీసు కాల్స్‌లో ఉన్నావు." లేచి కోటు దులుపుకుంది. "ఎవర్ని మార్చమని, దేన్ని మార్చమని అడుగుతున్నానో తలుచుకుంటే నాకే సిగ్గేసింది. పద, చలేస్తోంది."

ఆ ఇల్లే కొన్నాం. తాళాలు చేతికొచ్చిన రోజు ఇంట్లో ఒక్క కుర్చీ కూడా లేదు. నా భార్య నడిచి వెళ్లి టాకోలు తెచ్చింది. నడిచి వెళ్లి తెచ్చానని రెండుసార్లు చెప్పింది. కింద కూర్చోబోతుంటే అమ్మ ఆగమని, కార్లోంచి తెల్ల గుడ్డ తెచ్చి వంటింటి నేల మీద పరిచింది. దాని మీద సాస్ పడుతుందేమోనని నేను వెనకాడాను. "పడితే ఉతుకుతాను" అంది.

మూల మీది చర్చిని నేనింకా నమ్మలేదు. ఒకసారి వెళ్లి చూస్తాను. పక్కింటి జెండా కొత్తదా, పాతదా అని కూడా చూస్తూనే ఉన్నాను.

అమ్మ కళ్లు మూసుకుంది. తెలుగులో మొదలుపెట్టింది. ఒక సహోదరి అనలేదు, ఒక కుటుంబం అనలేదు. నా పేరు చెప్పింది. నా భార్య పేరు, తప్పు పలకకుండా, మెల్లగా చెప్పింది. ఇంటికి, నేలమాళిగకి, కిటికీకి కూడా దీవెన అడిగింది. అడగాల్సినవన్నీ అడిగాక ఆగింది. నేను కళ్లు తెరిచి చూశాను. ఆవిడ కళ్లు మూసుకునే ఉంది, కానీ మొహం బిగపట్టుకుని ఉంది. హాల్లో నిలబడి ఎదురుచూసినట్టే ఇక్కడా ఎదురుచూస్తోంది.

చర్చి వదిలాక నేను ఆ మాట అనలేదు. నా భార్యకి తెలుగు ముక్క రాదు. అయినా ఇద్దరం ఒకేసారి ఆమేన్ అన్నాం, వీధిలోకి వినబడేంత గట్టిగా.